90 తట్టుకోవాల్సిన అమైలేజ్ 70కే చచ్చిపోతోంది, మ్యుటేషన్లు పెట్టేదా?

కొర్లగుంట_కుర్రోడు | మంగళవారం రాత్రి 11:42

అందరికీ నమస్తే. తిరుపతిలో పీహెచ్‌డీ రెండో ఏడు. బాసిల్లస్ లైకెనిఫార్మిస్ అనే బాక్టీరియా తాలూకు ఆల్ఫా అమైలేజ్ (పిండిపదార్థాన్ని విరిచే ఎంజైమ్) మీద పని చేస్తున్నాను. జీన్‌ని ఈ.కోలైలో పెట్టి, హిస్ ట్యాగ్ (నికెల్‌కి అంటుకునే చిన్న తోక) తగిలించి, నికెల్ కాలమ్ మీద శుద్ధి చేశాను. జెల్ మీద 55 కిలోడాల్టన్ల దగ్గర ఒకటే బ్యాండ్, చూస్తే దిష్టి తగిలేట్టుంది. కథ అక్కడిదాకా బాగానే ఉంది.

ఈ ఎంజైమ్ 90 డిగ్రీల పైన కూడా పని చేస్తుందని పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. నాది 70 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు పెడితే పదో వంతు కూడా మిగలట్లేదు. ట్యూబులో పాలు విరిగినట్టు తెల్లటి పొరలు తేలుతున్నాయి. వింత ఏంటంటే, శుద్ధి చేయకముందు కణాలు పగలగొట్టి తీసిన ముడి రసం 85 దగ్గర అరగంట పెట్టినా చెక్కుచెదరలేదు. శుద్ధి చేసేకొద్దీ బలహీనం అవుతుందా ఎక్కడైనా?

మా సారుకి చెప్తే "స్టెబిలిటీ తక్కువైతే ఇంజనీరింగ్ చెయ్, థీసిస్‌లో ఒక చాప్టర్ అవుతుంది" అన్నారు. మూడు డైసల్ఫైడ్ బంధాలు (ప్రోటీన్ గొలుసులో రెండు చోట్లను కలిపే కుట్లు) డిజైన్ చేసి పెట్టుకున్నాను, జీన్‌లో ఆ మార్పులు పెట్టడానికి కావాల్సిన చిన్న డీఎన్‌ఏ ముక్కలు, అదే ప్రైమర్లకు శుక్రవారం లోపల ఆర్డర్ పెట్టాలి. ఎవరైనా ఒకసారి చూసి చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

చంద్రగిరి_కోట | రాత్రి 11:58

ప్రోటీన్ మడతను ఊహించి బొమ్మ గీసే ప్రోగ్రామ్ ఉంది కదా, ఆ ఆల్ఫాఫోల్డ్‌లో వేసి చూశావా తమ్ముడూ? హిస్ ట్యాగ్ వల్ల ఏమైనా మడత తేడా వచ్చిందేమో.

కొర్లగుంట_కుర్రోడు | బుధవారం ఉదయం 7:10

వేశానన్నా. అంతా ముదురు నీలమే, స్కోర్ 90 పైనే. ట్యాగ్ ఒక్కటే తోకలాగా బయట వేలాడుతోంది. బొమ్మలో తప్పేమీ లేదు.

రిటైర్డ్_మాస్టారు | ఉదయం 7:35

నాయనా, బొమ్మ సంగతి తర్వాత. శుద్ధి అయ్యాక ఏ బఫర్‌లో (పీహెచ్ నిలిపే ద్రావణంలో) పెట్టావో అది చెప్పు. మా కాలంలో ప్రోటీన్ చుట్టూ ద్రావణం మార్చే డయాలిసిస్ సంచిలో ఏం పోశావని అడగకుండా ఎవరూ జవాబు చెప్పేవాళ్ళు కాదు. ఇప్పుడు అందరూ బొమ్మలు అడుగుతున్నారు.

కొర్లగుంట_కుర్రోడు | ఉదయం 9:20

సార్, 50 మిల్లీమోలార్ ట్రిస్, పీహెచ్ 7.5, 5 మిల్లీమోలార్ ఈడీటీఏ. కాలమ్ నుంచి నికెల్ ఊడి వస్తుంది, ఈడీటీఏ పెడితే దాన్ని పట్టేస్తుంది అని సీనియర్ రాసిచ్చిన కాగితంలో ఉంది. రాత్రంతా నాలుగు డిగ్రీల గదిలో డయాలిసిస్.

ప్రోటీనక్క | ఉదయం 9:31

దొరికాడు దొంగ.

ఆఫీసుకి వెళ్ళే బస్సులో చదువుతూ పైకే నవ్వేశాను, పక్కావిడ వింతగా చూసింది. తమ్ముడూ, ఈడీటీఏ నికెల్‌ని మాత్రమే పట్టుకుని ఊరుకోదు, కాల్షియంని కూడా లాక్కుపోతుంది. నీ అమైలేజ్‌కి కాల్షియం లేకపోతే సగం ప్రాణం లేనట్టే. ఈ ఎంజైమ్‌లో ఎ, బి, సి అని మూడు భాగాలుంటాయి కదా, ఎ భాగానికీ బి భాగానికీ మధ్య సందులో రెండు కాల్షియంలు, వాటి నడుమ ఒక సోడియం, వరసగా మూడు లోహపు అయాన్లు కూర్చుని ఉంటాయి. 1998లో వచ్చిన స్ఫటిక నిర్మాణంలో ఇది స్పష్టంగా కనిపించింది, ప్రోటీన్ నిర్మాణాలు దాచే పీడీబీ వెబ్‌సైట్‌లో 1బీఎల్ఐ అని కొట్టి చూడు. అదే ఎంజైమ్ నుంచి లోహాలు తీసేసినప్పటి నిర్మాణం కూడా ఉంది. అందులో ఆ ప్రాంతంలో గొలుసు కుదురుగా లేదు, ఊగులాడుతోంది. లోహాలు వచ్చి కూర్చుంటేనే అక్కడి గొలుసు సర్దుకుంటుంది, పిండిపదార్థం పట్టే గాడి కూడా అప్పుడే సరిగ్గా తయారవుతుంది.

ఎడ్లబండి ఇరుసుకు కడశీల ఉంటుంది చూడు, వేలంత ఇనుప ముక్క. బండి మొత్తం బాగుండి అది ఒక్కటి లేకపోతే నాలుగడుగులకే చక్రం ఊడుతుంది. నువ్వు చేసింది కడశీల పీకేసి, బండి పనికిరాదని కొత్త చక్రాలకు ఆర్డర్ పెట్టడం.

చంద్రగిరి_కోట | ఉదయం 9:50

హహ. కానీ ఆల్ఫాఫోల్డ్‌లో కాల్షియం కనిపించలేదే?

ప్రోటీనక్క | ఉదయం 9:58

కనిపించదు. ఆల్ఫాఫోల్డ్ 2 గొలుసు మడతను మాత్రమే గీస్తుంది, అయాన్లను పెట్టదు. లోహాలు ఉన్న నిర్మాణాలనే చూసి నేర్చుకుంది కాబట్టి, కాల్షియం లేకుండానే కాల్షియం ఉన్నట్టు మడత పెట్టి చూపిస్తుంది. ఖాళీ కుర్చీ చుట్టూ అందరూ మర్యాదగా నిలబడ్డట్టు. 2024లో వచ్చిన ఆల్ఫాఫోల్డ్ 3లో అయాన్లు కూడా అడగొచ్చు. పైగా ఆ నీలం రంగు మడత మీద నమ్మకం ఎంతో చెప్తుంది, ఎన్ని డిగ్రీలు తట్టుకుంటుందో చెప్పదు. ఈ రెండూ కలిపేసుకునేవాళ్ళని రోజుకొకరినైనా చూస్తున్నాను.

రిటైర్డ్_మాస్టారు | ఉదయం 10:15

ఇంకొకటి. ట్రిస్ బఫర్ వేడెక్కితే పీహెచ్ పడిపోతుంది, డిగ్రీకి దాదాపు 0.03 చొప్పున. నువ్వు 25 దగ్గర 7.5 పెట్టింది 70కి వెళ్ళేసరికి 6.2 దగ్గర ఉంటుంది. వేడి ప్రయోగాలకు హెపెస్ బఫర్ వాడు, అది అంతగా జారదు. ఇది అసలు దోషి కాదు కానీ తోడుదొంగ.

నగరి_మగ్గం | ఉదయం 11:05

నమస్తే అండీ. మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు, నేను సైన్సు చదివినవాడిని కాదు. నగరిలో మాది చిన్న ప్రాసెసింగ్ యూనిట్. మగ్గం మీద నేసేముందు పడుగుకి గంజి పెడతారు, నేసినాక ఆ గంజి తీస్తేనే రంగు పడుతుంది. ఆ గంజి తీయడానికి మేము వాడేది ఈ అమైలేజే, డ్రమ్ములో వస్తుంది, మా భాషలో దాన్ని డీసైజింగ్ ఎంజైమ్ అంటాం.

పోయిన ఏడాది దాకా బోరు నీళ్ళతోనే నడిపాం, ఏ గొడవా లేదు. మా బోరు నీళ్ళు ఉప్పగా, సున్నం పేరుకునేట్టు ఉంటాయి, బాయిలర్ పైపులు పాడవుతున్నాయని ఆర్‌వో ప్లాంట్ పెట్టించాం. అప్పట్నుంచి గంజి సరిగా దిగడం లేదు. జిగ్గర్‌లో (బట్టను తొట్టిలో తిప్పే యంత్రంలో) 85, 90 డిగ్రీలు పెడతాం. బట్ట మీద అయోడిన్ చుక్క వేస్తే గంజి మిగిలిన చోట నీలం మచ్చలు, రంగు వేసినాక అదే చోట తేలిపోయిన మరకలు. డ్రమ్ము అమ్మినాయన్ని అడిగితే "మోతాదు పెంచండి" అంటాడు, ఆయన చెప్పక ఏం చేస్తాడు. మీరు కాల్షియం అంటుంటే నాకు ఆ సున్నమే గుర్తొచ్చింది. ఇదీ అదీ ఒకటేనా?

ప్రోటీనక్క | ఉదయం 11:20

అన్నా, ఒకటే! అచ్చంగా అదే. మీ బోరు నీళ్ళలో ఉన్న కాల్షియమే ఇన్నేళ్ళూ మీ ఎంజైమ్‌ని నిలబెట్టింది. ఆర్‌వో దాన్ని తీసేసింది. 60 డిగ్రీల దగ్గర నడిపితే అంత తెలిసేది కాదేమో, 90 దగ్గర మాత్రం దాచిపెట్టడం కుదరదు.

ఒక్క ప్రశ్న. ఆ తొట్టిలో ఎంజైమ్‌తో పాటు ఇంకేం వేస్తారు?

నగరి_మగ్గం | ఉదయం 11:26

వెట్టింగ్ ఏజెంట్, కొంచెం ఉప్పు, సీక్వెస్టరింగ్ పౌడరు.

ప్రోటీనక్క | ఉదయం 11:27

సీక్వెస్టరింగ్ ఎందుకన్నా, ఆర్‌వో నీళ్ళేగా?

నగరి_మగ్గం | ఉదయం 11:41

బోరు నీళ్ళప్పటి అలవాటండీ. సున్నం రంగులో కలిసి మచ్చలు రాకుండా వేసేవాళ్ళం. మా పిల్లోడు అన్నీ ఒకేసారి పోసేస్తాడు.

ప్రోటీనక్క | ఉదయం 11:48

అది కూడా ఈడీటీఏ పనే చేస్తుంది, కాల్షియంని పట్టి కట్టేస్తుంది. బోరు నీళ్ళలో అయితే కాల్షియం ఎక్కువ కాబట్టి పౌడరు పట్టుకోగా ఇంకా మిగిలేది. ఆర్‌వో నీళ్ళలో ఉన్న కాస్తా పోయింది, ఎంజైమ్ లోపలిది కూడా లాగేసుకుంటోంది. ఆ పౌడరు గంజి తీసే తొట్టిలో వద్దు, తర్వాత రంగు తొట్టిలో వేసుకోండి. ఒక బ్యాచ్‌కి కొంచెం బోరు నీళ్ళు కలిపి చూడండి, లేదా కాల్షియం క్లోరైడ్ కొద్దిగా. మొత్తం పెద్ద బ్యాచ్ మీద మాత్రం ప్రయోగం చేయకండి, ముందు ఒక బకెట్లో గజం బట్ట వేసి చూడండి.

తోతాపురి_517 | మధ్యాహ్నం 1:15

మీరంతా ఎంజైమ్ చావకూడదని ఏడుస్తున్నారు, మాకు చచ్చే ఎంజైమే కావాలి. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ నాది. తేటగా ఉండే జ్యూస్ చేసేటప్పుడు పండులోని పెక్టిన్‌ని విరిచే పెక్టినేజ్ వేస్తాం, 50 డిగ్రీల దగ్గర దాని పని అది చేస్తుంది, ఆ తర్వాత పాశ్చరైజ్ చేసినప్పుడు చచ్చిపోవాలి. చావకుండా డబ్బాలోకి వెళ్తే నిల్వలో దాని పని అది చేసుకుంటూ పోతుంది, కస్టమర్ తిడతాడు. కాబట్టి స్టెబిలిటీ పెంచడమే పరమార్థం అన్నట్టు మాట్లాడకండి.

రిటైర్డ్_మాస్టారు | మధ్యాహ్నం 1:40

బాగా చెప్పారు. అయితే మీ పెక్టినేజ్ ఎక్కువగా ఆస్పర్జిల్లస్ నైగర్ అనే బూజు నుంచి వస్తుంది, బాక్టీరియాది కాదు. బేకరీలోనూ ఇదే గొడవ. బ్రెడ్డు పిండిలో ఈ కుర్రాడి అమైలేజ్ లాంటి మొండి ఎంజైమ్ వేస్తే ఓవెన్‌లో కూడా చావక, పిండిపదార్థాన్ని మరీ విరిచేసి, బ్రెడ్డు లోపల జిగటగా బంకలాగా తయారవుతుంది. బూజు నుంచి తీసిన అమైలేజ్ ముందే చచ్చిపోతుంది కనుక అక్కడ అదే మేలు.

అడ్మిన్ | మధ్యాహ్నం 2:00

బ్రెడ్డు, మామిడికాయల చర్చకు వేరే చోటుంది. ఇక్కడ అమైలేజ్ సంగతి తేల్చండి.

తోతాపురి_517 | మధ్యాహ్నం 2:04

జూన్‌లో గుజ్జు పంపిస్తాను లెండి అడ్మిన్ గారూ, కోపం తగ్గుతుంది.

కొర్లగుంట_కుర్రోడు | గురువారం సాయంత్రం 6:30

అక్కా, చేశాను, రాలేదు. మిగిలిన శాంపిల్‌లో 2 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్ వేసి 70 దగ్గర పెట్టాను. అదే తెల్లటి పొరలు. అప్పుడు మొండిగా అస్సే (ఎంజైమ్ పనితనం కొలిచే పరీక్ష) బఫర్‌లో నేరుగా 10 మిల్లీమోలార్ వేశాను, వేయగానే ట్యూబంతా మజ్జిగలా తెల్లబడింది, ఇంకా వేడి కూడా చేయలేదు. అంటే కాల్షియం సిద్ధాంతం తప్పే కదా? రేపే ప్రైమర్ల ఆర్డర్‌కి ఆఖరు రోజు.

రిటైర్డ్_మాస్టారు | సాయంత్రం 6:52

ఆగు నాయనా, కూడిక తీసివేత చెయ్యి. నీ దగ్గర ఈడీటీఏ 5, కాల్షియం 2. ఒక ఈడీటీఏ ఒక కాల్షియంని పట్టుకుంటుంది. అంటే నువ్వు వేసిందంతా అది మింగేసి, ఇంకా 3 మిల్లీమోలార్ ఈడీటీఏ ఆకలిగా తిరుగుతోంది. ఎంజైమ్ దాకా ఏం చేరింది? సున్నా.

ఇక ఆ మజ్జిగ. నీ అస్సే బఫర్ ఫాస్ఫేట్ అయి ఉండాలి.

కొర్లగుంట_కుర్రోడు | సాయంత్రం 6:55

అవును సార్. సోడియం ఫాస్ఫేట్.

రిటైర్డ్_మాస్టారు | సాయంత్రం 7:01

కాల్షియం, ఫాస్ఫేట్ కలిస్తే కాల్షియం ఫాస్ఫేట్. మన ఎముకల్లో ఉండేది దాదాపు అదే. ట్యూబులో ఎముకలు చేశావు, ఎంజైమ్ తప్పేం లేదు.

ప్రోటీనక్క | రాత్రి 9:10

ఇప్పుడే ఇంటికొచ్చాను. మాస్టారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. కొత్తగా చేద్దాం. ఒకసారి వేడి చేసి విరిగిపోయిన శాంపిల్‌ని మళ్ళీ వాడకు, పొరలు కట్టినాక కాల్షియం కుమ్మరించినా లేచి రాదు. ఇంకా వేడి చూడని శాంపిల్ ఫ్రిజ్‌లో ఉంటే అది తీసుకో. 50 మిల్లీమోలార్ హెపెస్, 100 మిల్లీమోలార్ ఉప్పు, 5 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్. ఉప్పు ఎందుకంటే నడుమ ఆ సోడియం కూర్చోవాలి కదా. డయాలిసిస్ మూడుసార్లు బఫర్ మార్చి చెయ్, ఒక్కసారితో ఈడీటీఏ పోదు. అస్సే కూడా అదే హెపెస్‌లో. పక్కనే ఒక ట్యూబులో పాత ఈడీటీఏ శాంపిల్ పెట్టు, పోల్చడానికి.

ప్రైమర్ల గురించి. డైసల్ఫైడ్లు అన్నావు. నీ ఎంజైమ్ వరస తీసి చూడు, ఒక్క సిస్టీన్ (డైసల్ఫైడ్ కట్టే అమైనో ఆమ్లం) కూడా ఉండదు. అంటే ఒక్క డైసల్ఫైడ్ లేకుండానే అది 90 తట్టుకుంటోంది. పైగా ఈ.కోలై కణం లోపలి వాతావరణంలో డైసల్ఫైడ్లు మామూలుగా కట్టుకోవు, దానికి వేరే స్ట్రెయిన్ కావాలి, లేదా పెరిప్లాజంలోకి (కణం రెండు పొరల మధ్య సందులోకి) పంపాలి. మూడు జతలంటే ఆరు కొత్త సిస్టీన్లు, అవి తప్పు జతలు కడితే ఉన్నది కూడా పోతుంది.

చంద్రగిరి_కోట | రాత్రి 9:34

అంటే ఇంజనీరింగే వద్దంటావా అక్కా? కాల్షియం అక్కర్లేకుండా చేస్తే నగరి అన్నకి కూడా పనికొస్తుంది కదా.

ప్రోటీనక్క | రాత్రి 10:20

వద్దని కాదు, జబ్బు తెలిశాక మందు వెయ్యాలని. నువ్వు అడిగిన ప్రశ్న మాత్రం చాలా మంచిది, దాని మీద పెద్ద చరిత్రే ఉంది. బట్టల సబ్బుల్లో వాడే సబ్టిలిసిన్ కూడా బాసిల్లస్ ఎంజైమే, దానికీ కాల్షియం కావాలి. సబ్బు పొడిలో మాత్రం నీళ్ళ గరుకుదనం (కఠినత్వం) పోవడానికి కాల్షియంని పట్టేసే సరుకులే నిండా ఉంటాయి. ఎంజైమ్‌ని శత్రువుతో కాపురం పెట్టించినట్టు. 1990లలో అమెరికాలో ఒక బృందం ఆ కాల్షియం పట్టే మెలికనే మొత్తం కత్తిరించి పారేసింది. దాంతో ఎంజైమ్ బలహీనమైంది, అది సహజం. ఆ తర్వాత మెలిక పోయిన చోట చుట్టుపక్కల మార్పులు చేస్తూ, బతికిన వాటిని ఏరుకుంటూ పోయారు. చివరికి ఈడీటీఏ కలిపి చూసినా పాతదానికంటే వెయ్యి రెట్లు ఎక్కువసేపు నిలిచే రకం వచ్చింది.

ఇంకోటి నీ ఊళ్ళో సంగతితోనే చెప్తాను. అలిపిరి దగ్గర చెకింగ్‌లో ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు తీయించేస్తారు కదా, ఆ పెట్ ప్లాస్టిక్‌ని విరగ్గొట్టే ఎంజైమ్‌లు బాక్టీరియాలో ఉన్నాయి. 2016లో జపాన్‌లో సకాయి ఊరి దగ్గర దొరికిన ఇడియోనెల్లా బాక్టీరియా పేరు వినే ఉంటావు. దాని ఎంజైమ్‌కి వేడి పడదు. పెట్ ఏమో 70 డిగ్రీల దగ్గరికి వెళ్తే గానీ మెత్తబడదు, గట్టిగా ఉన్న ప్లాస్టిక్‌ని ఏ ఎంజైమ్ అయినా గోకడమే తప్ప తినలేదు. అందుకని ఫ్రాన్స్ వాళ్ళు ఆకుల కంపోస్టులోంచి తీసిన డీఎన్‌ఏలో దొరికిన వేరే క్యూటినేజ్‌ని (ఆకుల పైపొరను విరిచే ఎంజైమ్‌ని) తీసుకున్నారు. దానికి కాల్షియం ఇస్తే ఇంకా గట్టిపడుతుంది, కానీ పెద్ద ట్యాంకుల్లో కాల్షియం పోయడం వాళ్ళకి ఇష్టం లేదు. సరిగ్గా కాల్షియం కూర్చునే చోటే రెండు సిస్టీన్లు పెట్టి డైసల్ఫైడ్ కట్టారు. గాడిని కూడా కొంచెం మార్చారు. 2020లో అచ్చయింది: 72 డిగ్రీల దగ్గర 10 గంటల్లో 90 శాతం ప్లాస్టిక్ విరిగింది. డైసల్ఫైడ్ పెడితే ఇట్లా పెట్టాలి, ఎక్కడ ఎందుకు అనేది తెలిసి. ఊరికే రెండు అమైనో ఆమ్లాలు దగ్గరగా కనిపించే చోట కుట్టేయడం కాదు.

చంద్రగిరి_కోట | రాత్రి 10:41

వేడి తట్టుకునేట్టు చేస్తే మామూలు వేడిలో బద్ధకిస్తుంది అంటారు కదా? గట్టిపడితే కదల్లేదని.

ప్రోటీనక్క | రాత్రి 10:55

అలా అవుతుందనేది నిజమే, తప్పనిసరి మాత్రం కాదు. హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధనాశాల వాళ్ళ పని చూడు. బాసిల్లస్ సబ్టిలిస్ లైపేజ్ (కొవ్వుల్ని విరిచేది), 181 అమైనో ఆమ్లాల చిన్న ఎంజైమ్. విడతలు విడతలుగా మార్పులు చేసి, ఏరి, మళ్ళీ మార్చి, 6బీ అనే రకం తెచ్చారు. మడత విడిపోయే ఉష్ణోగ్రత 78కి ఎక్కింది, మామూలుదానికంటే 22 డిగ్రీలు ఎక్కువ. బాగా పని చేసే ఉష్ణోగ్రత కూడా 65కి వచ్చింది. నాకు అంతకంటే నచ్చింది ఏంటంటే, వేడి చేసినా అది పొరలు కట్టదు. మన కుర్రోడి ట్యూబులో తేలిన పొరలు ఉన్నాయే, అసలు చావు అక్కడే. మడత విడిపోయిన ఎంజైమ్ చల్లారితే తిరిగి మడుచుకునే అవకాశం ఉంటుంది, ఒకదానికొకటి అంటుకున్నాక ఇక ఉండదు.

నీ అమైలేజ్‌కే అయితే 133వ హిస్టిడిన్ తీసి వాలైన్, 209వ అలనైన్ తీసి వాలైన్ పెడితే మెరుగుపడుతుందని ఎప్పుడో తేలింది. ఆ రెండూ కలిపి, కాల్షియం తక్కువున్న నీళ్ళలో ఎలా నిలుస్తుందో చూస్తే నీకు చాప్టరూ అవుతుంది, నగరి అన్నకి జవాబూ అవుతుంది.

నగరి_మగ్గం | శనివారం ఉదయం 8:15

అమ్మా, బకెట్లో చూశాను. మూడు బకెట్లు. ఒకటి ఆర్‌వో నీళ్ళు పౌడరుతో, ఒకటి ఆర్‌వో నీళ్ళు పౌడరు లేకుండా, ఇంకోటి సగం బోరు సగం ఆర్‌వో. మొదటి దాంట్లో అయోడిన్ వేస్తే నేరేడుపండు రంగు. రెండో దాంట్లో ఊదా, అక్కడక్కడా. మూడో దాంట్లో ఒట్టి అయోడిన్ రంగే, పసుపుగా నిలబడింది. మా పిల్లోడు నమ్మక మళ్ళీ ఒకసారి చుక్క వేసి చూశాడు. ఎనిమిది నెలలు మోతాదు పెంచుకుంటూ పోయానమ్మా, ఆ డబ్బు ఎంతో లెక్క వేయదలుచుకోలేదు.

ప్రోటీనక్క | ఉదయం 8:40

చాలా సంతోషం అన్నా. సగం సగం అని ఖాయం చేసుకోకండి, ఇంకా తక్కువ బోరు నీళ్ళతో కూడా సరిపోవచ్చు. అప్పుడు పైపులు కూడా బాగుంటాయి.

కొర్లగుంట_కుర్రోడు | శనివారం రాత్రి 10:30

అక్కా, సార్, అందరికీ దండాలు. హెపెస్, కాల్షియం ట్యూబు 85 దగ్గర అరగంట పెట్టాను, 78 శాతం మిగిలింది. నీళ్ళలాగా తేటగా ఉంది, ఒక్క పొర లేదు. పక్కన ఈడీటీఏ ట్యూబు రెండు నిమిషాలకే మసకబారింది. డీఎన్‌ఎస్ (పిండి విరిగి చక్కెర పుడితే ఎర్రబడే మందు) వేసి మరిగించాక రెండూ పక్కపక్కన పెట్టి ఫోటో తీశాను, ఒకటి ఇటుక రంగు, ఒకటి వేసినప్పటి పసుపే. ముడి రసం ఎందుకు బాగుందో కూడా ఇప్పుడు అర్థమైంది, అప్పటికింకా నేను ఈడీటీఏ పోయలేదు.

ప్రైమర్ల ఆర్డర్ ఆపేశాను. మా సారు మొహం కొంచెం ముడుచుకున్నారు, ఫోటో చూపించాక "సరే, ఆ 133, 209 చూద్దాం" అన్నారు. సీనియర్ కాగితం మీద ఈడీటీఏ అన్నచోట ఎర్ర స్కెచ్‌తో కొట్టేసి గోడకి అంటించాను.

నగరి అన్నా, మీ బోరు నీళ్ళు ఒక లీటరు, ఆర్‌వో నీళ్ళు ఒక లీటరు ఇప్పించగలరా? వచ్చే ఆదివారం పుత్తూరు మీదుగా బస్సెక్కి వస్తాను. ఎంత బోరు నీళ్ళు కలపాలో గుడ్డిగా కాకుండా గరుకుదనం కొలిచి చెప్తాను.

నగరి_మగ్గం | రాత్రి 10:44

రా తమ్ముడూ, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. కొలిచేదానికి ఏమైనా మందులు కొనాలా? ఖర్చు నేను పెట్టుకుంటా.

కొర్లగుంట_కుర్రోడు | రాత్రి 10:47

అక్కర్లేదన్నా. నీళ్ళ గరుకుదనం కొలిచేది ఈడీటీఏతోనే. అరకిలో డబ్బా నిండా ఉంది నా దగ్గర.